సంచితో సహా పాతిపెట్టారు

ఎపిఫానియా కొల్కె సంచి సర్దడం అది మూడోసారి. లామా ఉన్నితో తానే నేసుకున్న చారల సంచి. మధ్యలో అడ్డంగా ఒక గుడ్డ కుట్టి రెండు అరలు చేసుకుంది. ఒక అర నేలతల్లిది, రెండో అర మనుషులది. నేలతల్లి అరలో ఎర్రగుడ్డలో కట్టిన కోకా ఆకులు, వేయించిన మొక్కజొన్న పిండి, రంగు ఉన్నిపోగులు, ఒక సీసాలో ద్రాక్షసారా, ఇంకో సీసాలో నానబెట్టి పులియబెట్టిన చెట్టుకాయల పానీయం, ఆ రెండూ పోయడానికి జంట చెక్కగిన్నెలు. మనుషుల అరలో తన కళ్ళజోడు, రక్తపోటు మాత్రలు, ఎవరిస్తో కోసం మేకజున్ను ముక్క, వాడికే ఉతికి మడతపెట్టిన ఉన్ని మేజోళ్ళు. పైన చలికి వాడి పాదాలు పగులుతాయి.

ఏదో మరిచిపోయానన్న గుబులు ఆమెకి ఎప్పుడూ ఉండేదే. ప్రయాణం అన్న మాట చెవిన పడితే చాలు, గుండెలో రాయి పడుతుంది. తండ్రి కంచరగాడిదల్ని తోలుకుని కనుమ దాటి అర్జెంటీనా వైపు వెళ్ళాడు, అంతే. చెల్లెలు రోసెండా రెండో కాన్పుకి కలామా ఆసుపత్రికని లారీ ఎక్కింది, అంతే. రోసెండా పెద్దకొడుకే ఎవరిస్తో. వాణ్ణి ఎపిఫానియాయే పెంచింది. ఇప్పుడు వాడికి నలభై దాటినా, ఎనిమిది రోజుల పనికి కొండెక్కే ప్రతిసారీ వాకిట్లో నిలబడి, బస్సు దుమ్ము అణిగేదాకా ఎత్తిన చెయ్యి దించదు.

పైమైదానంలో ఆకాశాన్ని వినే తెల్లపళ్ళేలున్నాయి. పేరుకి అవి యాంటెన్నాలు, తొకొనావ్ ఊళ్ళో మాత్రం అందరూ పళ్ళేలనే అంటారు. అవి చూసేవి కావు పెద్దమ్మా, వినేవి, అని ఎవరిస్తో చెప్పేవాడు. చుక్కల మధ్య చీకట్లోంచి వచ్చే సన్నటి అలల్ని అవి పట్టుకుంటాయట. గాలిలో ఏ కాస్త తడి ఉన్నా ఆ అలల్ని తాగేస్తుందట. అందుకే తడి అన్నదే లేని ఆ ఎత్తు మీద, మనిషికి ఊపిరందని చోట, వాటిని నిలబెట్టారు. దూరందూరంగా పెడితే సన్నటి వివరం తెలుస్తుంది, దగ్గరగా పెడితే ఆకాశంలో పెద్ద భాగం ఒక్కసారే తెలుస్తుంది. అందుకని వాటిని ఏడాదికి కొన్నిసార్లు చోటు మారుస్తారు. ఇల్లంత పళ్ళేన్ని పొట్టకి కరుచుకుని నత్తలా నడిచే బోలెడు చక్రాల బండి ఒకటుంది. ఆ బండి తోలేది ఎవరిస్తో.

మొదట్లో, పునాది రాయైనా పడకముందు, పళ్ళేల సంస్థ దొరలంతా తొకొనావ్ వచ్చి ఊరిపెద్దల ముందు కూర్చున్నారు. ఎపిఫానియా వండిన మొక్కజొన్న మాంసం పులుసు రెండేసి గిన్నెలు తాగి మాటిచ్చారు: కొత్తగా ఎక్కడ నేల తవ్వినా, ఏ పళ్ళేన్ని కొత్తచోట దించినా, ముందు మీ ఊరి మనిషి వచ్చి నేలతల్లికి పెట్టి, కొండల్లో ఉండే పెద్దల్ని అడిగి, ఆ తర్వాతే మేము ముట్టుకుంటాం అని. ఊరు ఆ పని ఎపిఫానియాకి అప్పజెప్పింది. అప్పటి మేనేజరు పెద్దమనిషి. ప్రతిసారీ తనే జీపు తెచ్చి ఎక్కించుకునేవాడు. అతను బదిలీ అయి వెళ్ళిపోయి గొన్సాలో ఎచెవెర్రియా అనే కొత్తాయన రాజధాని నుంచి వచ్చి ఏడాది కాలేదు.

ఆ పొద్దున జీపు రానే వచ్చింది. డ్రైవరు తప్ప లోపల ఎవరూ లేరు. ఎపిఫానియా పొయ్యి ఆరిందో లేదో ఇంకోసారి చూసి, పక్కింటావిడకి కోళ్ళు అప్పజెప్పి, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కొండ సగంలో ఉంటుంది శిబిరం. పళ్ళేల్ని నడిపేవాళ్ళూ, అవి విన్నదాన్ని రాసుకునేవాళ్ళూ, వంటవాళ్ళూ అందరూ ఉండేది అక్కడే. పైన ఎవరూ నిద్రపోరు. పని చూసుకుని దిగిపోతారు. ఎక్కబోయే ప్రతివాడూ శిబిరం గేటు దగ్గర వేలు చాపాలి. నోల్వియా ఆ వేలికి చిన్న పిన్ను లాంటి పరికరం తగిలించి రక్తంలో ఎంత గాలి ఉందో చూస్తుంది. సొకైరె ఊరి పిల్ల నోల్వియా, వైద్య సహాయకురాలు. నవ్వుతూనే అందరినీ అదుపులో పెడుతుంది.

"చెయ్యి ఇలా తే అవ్వా. చల్లగా ఉందా? రుద్దుకో కాసేపు."

ఎపిఫానియా రుద్దుకుంది. పరికరం ఎనభై ఎనిమిది చూపించింది. నాకన్నా నీకే బావుందే అని నోల్వియా నవ్వి, అంతలోనే నవ్వు ఆపేసి తల దించుకుంది. ఎందుకో ఎపిఫానియాకి అర్థమయ్యేలోపే ఎచెవెర్రియా వచ్చేశాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమవుతున్నవాడి నడక.

ఆయన ఆమె రెండు చేతులూ పట్టుకుని చాలా మర్యాదగా చెప్పాడు. కొత్త భద్రతా నియమం వచ్చిందట. డెబ్భై దాటిన సందర్శకుల్ని పైకి పంపకూడదట. తన చేతుల్లో ఏమీ లేదట. అయినా దిగులు పడొద్దని, అన్నీ ఏర్పాటు చేశామని అన్నాడు. హాల్లో పెద్ద తెర పెట్టారు, ముందు కుర్చీ వేశారు, మైకు పెట్టారు. ఆవిడ అక్కడ కూర్చుని ప్రార్థన చదివితే పైన లౌడు స్పీకర్లో వినిపిస్తుంది. నైవేద్యం సంచి మాత్రం పైకి పంపుతారు.

ఎపిఫానియాకి డెబ్భై మూడేళ్ళు. చిన్నతనంలో ఆమె ఆ పైమైదానం మీద తండ్రి వెంట పొయ్యిలోకి కొండపొద తవ్వుకొచ్చింది, గాడిద మీద కాదు, కాళ్ళ మీద. అక్కడి గాలి ఎంత పలచనో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. సరే, నియమం అంటే నియమం, అందరికీ ఒకటే అయితే ఓర్చుకోవచ్చు అనుకుంటూ ఉండగానే గేటు ముందు తెల్ల వ్యాను ఆగింది. అందులోంచి ఇద్దరు పట్టుకుంటే ఒక ముసలాయన దిగాడు. పంజాల్లాంటి చేతులు, నీలి కళ్ళు, మోకాళ్ళ మీద దుప్పటి. సముద్రాల అవతలి నుంచి వచ్చిన ప్రొఫెసరు హాల్వర్సెన్. పళ్ళేల్లోని చలిపెట్టెల్ని ఎలా చెయ్యాలో తొలిసారి కనిపెట్టినవాడట. నోల్వియా ఆయన వేలికి పిన్ను తగిలించింది. డెబ్భై తొమ్మిది చూపించింది. ఆయన వయసు కూడా డెబ్భై తొమ్మిదేనని వంటవాడు పక్కనుంచి గొణిగితే ఇద్దరు ముగ్గురు మూతులు మూసుకుని నవ్వారు.

ఆయన్ని మాత్రం గాలిసిలిండరు తగిలించి, పక్కన డాక్టర్ని కూర్చోబెట్టి, పల్లకీలో దేవుణ్ణి ఎక్కించినట్టు పైకి తీసుకుపోయారు.

ఆయనకి లేదా నియమం అని ఎపిఫానియా అడిగింది. ఆయన అతిథి అన్నాడు ఎచెవెర్రియా. నేనెవర్ని అని ఆమె అడగలేదు. అడిగితే గొంతు వణుకుతుందని భయపడింది. ఆ గొంతు వినిపించకూడదు ఇలాంటి వాళ్ళకి.

ప్రచారం పనులు చూసే అమ్మాయి, మెడలో కెమెరా, వచ్చి సంచి అందుకుంది. ఎపిఫానియా సంచి వదలకుండా లోపల రెండు అరలున్నాయనీ, ఎర్రమూట, సీసాలు, గిన్నెలు మాత్రమే నేలతల్లివనీ, రెండు చేతులతో ముందు నేలకి పోసి ఆ తర్వాతే మనుషులు తాగాలనీ చెప్పబోయింది. ఆ అమ్మాయి తల ఊపుతూనే ఫోను చూసుకుంటోంది. అన్నీ గౌరవంగా చేస్తాం, మీరేం బెంగపెట్టుకోకండి అంది. ఆ మాట చెబుతుంటేనే ఎపిఫానియాకి బెంగ పట్టుకుంది. తన చేతిలోంచి సంచి వెళ్ళిపోతుంటే పట్టు ఎక్కడ వదిలిందో తనకే తెలియలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆమెకి కోపం వచ్చింది తనకోసం కాదు. పైన బండి తోలేది ఎవరిస్తో. అడగని నేల మీద వాడు నూరు టన్నుల పళ్ళేన్ని తీసుకుని నడవాలి. నేలతల్లి నోరు తెరిచి అడగదు. ఆకలేస్తే తీసుకుంటుంది. ఎవర్ని తీసుకుంటుందో ఆమె ఇష్టం. ఇది మూఢనమ్మకం అని కొట్టిపారెయ్యాలనుకునేవాళ్ళు కొట్టిపారెయ్యొచ్చు. తండ్రినీ చెల్లెల్నీ సాగనంపిన మనిషికి మాత్రం ఈ ఒక్క జాగ్రత్తే చేతిలో ఉన్నది. దాన్నీ లాక్కున్నారు.

హాల్లో తెర ముందు కుర్చీలో కూర్చుంది. నోల్వియా టీ తెచ్చి పక్కన కూర్చుంది. వంటవాళ్ళు తలుపు దగ్గర గుమిగూడారు. తెర మీద పైమైదానం కనిపించింది, ఎర్రమట్టి, మబ్బు తునక లేని నల్లటి నీలం ఆకాశం. దూరంగా బండి, దాని మీద తెల్లపళ్ళెం. ఎవరిస్తో తెల్లారకముందే బయల్దేరాడు, మధ్యాహ్నం గాలి లేచేలోపు పళ్ళేన్ని కొత్త అరుగు మీద దించెయ్యాలని. అరుగు పక్కన చిన్న గొయ్యి తవ్వి ఉంచారు. గొయ్యి చుట్టూ అతిథులు, ప్రొఫెసరు కుర్చీలో.

మైకులో చదవమ్మా అన్నాడు ఎచెవెర్రియా, హాలు పక్కనున్న అద్దాల గదిలోంచి. ఎపిఫానియా నోరు విప్పింది. తన గొంతు ఎక్కడో పెట్టెలోంచి వస్తున్నట్టు వినిపించి ఆగిపోయింది. ఆగిపోవడమే మంచిదయింది, ఎందుకంటే తెర మీద జరిగినదాన్ని ఆమె కళ్ళారా చూసింది.

ప్రచారపు అమ్మాయి సంచిని రెండు చేతులతో పట్టుకుని ప్రొఫెసరుకి అందించింది. ఆయన చాలా భక్తిగా దాన్ని అందుకున్నాడు. వంగలేకపోతే డాక్టరు నడుం పట్టుకున్నాడు. సంచిని సంచిగానే, మూతి కట్టి ఉన్నది కట్టి ఉన్నట్టే, గోతిలో పెట్టాడు. ఇద్దరు కుర్రాళ్ళు పారలతో మట్టి కప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. కెమెరాలు మెరిశాయి.

వంటవాడు అన్నాడు, "సంచితో సహా పాతేశారు."

ఎపిఫానియా మెల్లగా, "అందులో నా కళ్ళజోడుంది," అంది.

ఎవరో ఫక్కున నవ్వి వెంటనే నోరు మూసుకున్నారు. ఆమెకీ నవ్వు రాబోయింది, అంతలోనే అది కోపమైపోయింది. నేలతల్లికి ఇవ్వాల్సింది గిన్నెల్లో ఒంపి ఇవ్వాలి. సీసా బిరడా తియ్యకుండా, మూట విప్పకుండా, రక్తపోటు మాత్రలతో, మేజోళ్ళతో కలిపి గోతిలో పడేస్తే దాన్ని పెట్టడం అనరు, పారెయ్యడం అంటారు. కట్టేసిన గిన్నె ముందు పెట్టి తినమంటే ఎవరికైనా ఒళ్ళు మండదా. పైగా చప్పట్లు.

అప్పుడే తెర మీద బండి ఆగింది.

ఇంకో అరవై గజాలు వస్తే అరుగు. అక్కడే ఆగిపోయింది. పక్క తలుపు తెరుచుకుంది. నీలం కోటు వేసుకున్న మనిషి నిచ్చెన దిగాడు, తొందర లేకుండా. గొయ్యి వైపు చూశాడు. మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. రేడియోలో అతని గొంతు శిబిరం అంతా వినిపించింది.

"అది మా పెద్దమ్మ సంచి. మా పెద్దమ్మ ఏది?"

అద్దాల గదిలోంచి ఎచెవెర్రియా జవాబిచ్చాడు. పెద్దావిడ శిబిరంలో క్షేమంగా ఉందని, ప్రార్థన జరిగిపోయిందని, పళ్ళెం దించమని చెప్పాడు. ఎవరిస్తో ఆ మాట విననట్టే అన్నాడు, "చక్రాలు ఆపాను. చలిపెట్టెకి కరెంటు ఆపలేదు, నేనేం పిచ్చోణ్ణి కాదు. సంచి బయటికి తీసి, పెద్దమ్మని పైకి తీసుకురండి. అప్పుడు దించుతాను."

పళ్ళెం గుండెలో ఉండే చలిపెట్టె ఎప్పుడూ గడ్డకట్టి ఉండాలి. బండి మీద ఉన్నంతసేపూ బండి జనరేటరే దాన్ని చల్లగా ఉంచుతుంది. అది వేడెక్కితే మళ్ళీ చల్లబరచడానికి రోజులు పడుతుంది. డీజిలు సాయంత్రం దాకా ఉంటుంది, కానీ గాలి మధ్యాహ్నమే లేస్తుంది, లేచాక పళ్ళేన్ని దించడం కుదరదు. ఎచెవెర్రియా ముఖం ఎర్రబడింది. బండి తోలగలిగే రెండో మనిషి సెలవులో ఉన్నాడు.

అద్దాల గదిలోంచి బయటికి వచ్చి ఎపిఫానియా ముందు మోకాలి మీద కూర్చున్నాడాయన. మాటకి తేనె పూశాడు. మైకు ఆమె చేతిలో పెట్టి, ఒక్క మాట చెప్పండమ్మా అన్నాడు. వెళ్ళరా నాయనా అంటే చాలు, మీ మాట జవదాటడు. అతని ఉద్యోగానికి సంబంధించిన మాట ఇది, అతని మంచికే చెబుతున్నాను.

ఆమె మైకు వైపు చూసింది. నల్లటి ముద్ద, చేతిలో బరువుగా. ఒక్క మాట. ఆరేళ్ళుగా వాడు ఈ బండి తోలుతున్నాడు. దాని చక్రాల్ని మనుషుల పేర్లతో పిలుస్తాడు. ఈ పని పోతే వాడు ఇంకే పని చేస్తాడు. వెళ్ళరా నాయనా అనడానికి పెదాలు కదిలాయి కూడా. రాయి మీద రాయి పెట్టినట్టు ఆ భయం గుండెలో కూర్చుంది. కానీ ఆ మాట అంటే, తెర మీద కప్పిన ఆ మట్టి కింద తన గిన్నెలు మూతపడి ఉంటాయి, దాని మీంచి ఎవరిస్తో బండి నడుస్తుంది. తన నోటితోనే వాణ్ణి దాని మీంచి నడిపించినట్టవుతుంది.

"నాయనా, ఆ మైకు తీసెయ్," అంది ఎచెవెర్రియాతో. "మీరొచ్చి మా ఇంట్లో పులుసు తాగారు, మీరు కాదు, మీ ముందువాళ్ళు. తాగి మాటిచ్చారు. ఆ ముసలాయనకి ఎక్కడానికి ఊపిరుంటే నాకూ ఉంది. నన్ను పైకి తీసుకెళ్ళు. లేదంటే వాడు అక్కడ, నేను ఇక్కడ. గాలి వస్తే రానీ."

ఆమె గొంతు వణికింది. వణికితే వణికిందిలే అనుకుంది.

నోల్వియా లేచి నిలబడింది. అవ్వ వేలిలో ఎనభై ఎనిమిది ఉంది సార్, నేను వెంట వెళ్తాను, సిలిండరు నేనే మోస్తాను అంది. ఎచెవెర్రియా ఎవరివైపూ చూడకుండా తల ఊపాడు. గడియారం చూసుకున్నాడు. ఆ చూపులో ఉన్నది అపరాధభావం కాదు, లెక్క.

పైకి వెళ్ళే దారిలో నోల్వియా ఆమె ముక్కుకి గాలిగొట్టం తగిలించింది. పళ్ళేలు ఒక్కొక్కటే కిటికీలోంచి వచ్చి వెనక్కి పోయాయి, అన్నీ ఒకే వైపు ముఖం తిప్పుకుని. జీపు దిగగానే గాలి చెవుల్లో గీపెట్టింది. ఎవరిస్తో ఎదురొచ్చాడు. ముఖం బూడిదరంగులో ఉంది, పెదాలు పగిలి ఉన్నాయి.

"ఎందుకొచ్చావే ఇంత చలిలో," అన్నాడు, తనే రమ్మని బండి ఆపిన మనిషి.

"నీ మేజోళ్ళు భూమిలో పెట్టారు, తీసుకుందామని వచ్చాను," అంది ఆమె.

అతను నవ్వాడు. అతను నవ్వాడు కాబట్టి ఆమెకి ఊపిరి ఆడింది.

గొయ్యి దగ్గర అతిథులంతా చలికి ముడుచుకుని నిలబడ్డారు. ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. ఎవరిస్తో పార తీసుకోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో మట్టి తీశాడు. సంచి బయటికి వచ్చింది. ఎపిఫానియా మట్టి దులిపి, మనుషుల అర విప్పి, కళ్ళజోడు తీసి పెట్టుకుంది. ఒక అద్దానికి చీలిక వచ్చింది. మేజోళ్ళు ఎవరిస్తోకి ఇచ్చింది. జున్ను అతని జేబులో పెట్టింది. మాత్రలు తన జేబులో వేసుకుంది. అప్పుడు నేలతల్లి అర విప్పి ఎర్రగుడ్డ పరిచింది.

ప్రొఫెసరు హాల్వర్సెన్ కుర్చీలోంచి ఏదో అడిగాడు. ఒక కుర్రాడు తర్జుమా చేశాడు, ఆయన తనేమైనా తప్పు చేశానా అని అడుగుతున్నాడట. ఎపిఫానియా ఆయన్ని చూసింది. దుప్పటిలో ముడుచుకున్న ముసలివాడు, పెదాలు నీలంగా ఉన్నాయి, తనలాగే.

"మీదేం లేదు బాబూ. మీ చేతికి సంచి ఇచ్చారు, మీరు పెట్టారు," అంది. తర్వాత ప్రచారపు అమ్మాయి వైపు తిరిగి, "కెమెరా కింద పెట్టమ్మా. నీ ఇంట్లో ఎవరైనా భోంచేస్తుంటే ఫోటో తీస్తావా?" అంది. ఆ అమ్మాయి కెమెరా దించింది. చెంపలు ఎర్రబడ్డాయి. చలికో మరి దేనికో.

ఎపిఫానియా గాలిగొట్టం ముక్కునుంచి తీసేసింది. గొట్టం పెట్టుకుని పెద్దలతో మాట్లాడకూడదు. రెండు గిన్నెల్లో ఒకదాంట్లో సారా, ఒకదాంట్లో పానీయం ఒంపి, రెండు చేతులతో ఒకేసారి గోతిలో పోసింది. చుట్టూ ఉన్న కొండల్ని పేరుపేరునా పిలిచింది, ఒక్కదాన్ని మరిచినా అలుగుతుందేమోనన్నట్టు. కోకా ఆకులు పెట్టింది, పిండి చల్లింది, ఉన్నిపోగులు పరిచింది. ఊపిరి మధ్యమధ్య తెగుతుంటే ఆగి, మళ్ళీ అందుకుంది. ఏమని అడిగిందో పక్కనున్న ఎవరిస్తోకి తప్ప ఎవరికీ వినపడలేదు. తర్వాత నేలకి పోసి మిగిల్చినదాన్ని ఎవరిస్తోకి ఇచ్చింది, నోల్వియాకి ఇచ్చింది, మట్టి కప్పిన కుర్రాళ్ళకి ఇచ్చింది, చివర్న ప్రొఫెసరుకి ఇచ్చింది. ఆయన రెండు చేతులతో గిన్నె పట్టుకుని తాగి కళ్ళు మూసుకున్నాడు.

మట్టి ఆమే కప్పింది. చప్పట్లు ఎవరూ కొట్టలేదు.

ఎవరిస్తో బండెక్కాడు. గాలి లేవబోతున్నట్టు దుమ్ము చిన్నచిన్న సుడులు తిరుగుతోంది. నత్తకన్నా నెమ్మదిగా, వెంట్రుకవాసి తేడా లేకుండా, పళ్ళేన్ని అరుగు మీద దించాడు. కిందనుంచి రేడియోలో ఎవరో పళ్ళెం బానే ఉంది, చలిపెట్టె బానే ఉంది అన్నారు. ఎపిఫానియా జీపులో కూర్చుని అంతా చూసింది, నోల్వియా మళ్ళీ తగిలించిన గొట్టంలోంచి గాలి పీల్చుకుంటూ. అంతా బాగా జరిగింది. అంతా బాగా జరిగినందుకే ఆమెకి భయం వేసింది. ఇలాంటి వాళ్ళు బాగా జరిగినదాన్ని క్షమించరు.

క్షమించలేదు కూడా. ఆ తడవ పని ముగించుకుని దిగిన ఎవరిస్తో కార్డు మళ్ళీ గేటు తెరవలేదు. విచారణ అన్నారు. పని ఆపినందుకు, అతిథుల ముందు సంస్థ పరువు తీసినందుకు. తడవలు గడిచాయి. ఇంట్లో ఎవరిస్తో పళ్ళతోటకి నీళ్ళు పెట్టాడు, పక్కింటి గోడ కట్టాడు, పొద్దున లేచి కొండ వైపు చూసి లోపలికి వచ్చేవాడు. అది చూసి ఎపిఫానియాకి రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు.

ఆ తర్వాత ఒక రోజు ఎచెవెర్రియా స్వయంగా వాళ్ళ ఇంటికి వచ్చాడు. చేతిలో బుట్ట, అందులో రాజధాని బిస్కెట్లు, జామ్ సీసాలు, వాటిపైన కొత్త కేలండరు. కేలండరు మీద ఫోటో: ప్రొఫెసరు గోతిలో సంచి పెడుతున్నాడు. కింద అక్షరాలు: ఆకాశం, నేల, ఆచారం, సామరస్యం. ఎపిఫానియా చీలిన అద్దంలోంచి దాన్ని రెండుసార్లు చదువుకుంది. తనకి చదువు చెప్పినవాళ్ళెవరూ లేరు. సంతలో దొరికిన కాగితాలు కూడబలుక్కుని నేర్చుకున్న చదువు. ఆ చదువు ఇలాంటివి చదవడానికి పనికొస్తుందని ఆమె అనుకోలేదు.

వచ్చిన పని ఆయన వివరంగా చెప్పాడు. డబ్బిచ్చే విదేశీ సంస్థలు ప్రశ్నలు వేస్తున్నాయట. ప్రొఫెసరు తన దేశానికి తిరిగి వెళ్ళాక ఏదో రాశాడట, ఆ ఊరి ఆవిడ్ని ఎందుకు ఆపారని. అందుకని ఎపిఫానియా కెమెరా ముందు కూర్చుని, సంచి పాతిపెట్టడం ఊరి సమ్మతితోనే జరిగిందని, తనకి ఒంట్లో బాగాలేక తనే కింద ఉండిపోయిందని చెప్తే చాలట. మీవాడి కార్డు ఆ సాయంత్రమే పనిచేస్తుంది, అన్నాడు.

ఎపిఫానియా తలుపు వైపు చూసింది. ఎవరిస్తో వాకిట్లో సీమదానిమ్మ కొమ్మలు కత్తిరిస్తూ, కత్తెర ఆపి అన్నీ వింటున్నాడు. ఆమె లేచి బయటికి వెళ్ళి, అతని భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి, చెప్పేస్తే పోయేదేముందిరా అంది. ఒక్క మాటే కదా. కళ్ళజోడు పగిలితే పగిలింది. నీ బండి నీకొస్తుంది.

"చెప్పు పెద్దమ్మా, నీ ఇష్టం," అన్నాడు ఎవరిస్తో. "నువ్వు చెప్తే నేనేం అనను. కానీ నేను ఆ బండెక్కను. నువ్వు గొట్టం తీసేసి నేలని ఏమడిగావో నేను విన్నాను. వీడికి ఊపిరి ఇవ్వు, వీడి ముఖం మళ్ళీ నాకు చూపించు అన్నావు. ఆ నేల గురించి అబద్ధం చెప్పాక ఇక ఏ మొహం పెట్టుకుని దాని మీద చక్రం ఆనించను?"

ఎపిఫానియా లోపలికి వచ్చి బుట్ట మూత పెట్టి, కేలండరు పైన పెట్టి, ఎచెవెర్రియా ఒళ్ళో ఉంచింది. ఆయన ఇంకా ఏదో చెప్పబోయాడు. ఆమె తలుపు తెరిచి పట్టుకుంది, చలిగాలి ఇంట్లోకి వస్తున్నా పట్టించుకోకుండా. కారు దుమ్ము అణిగేదాకా చూడలేదు ఈసారి. తలుపు వేసేసింది.

పళ్ళేల్ని ఇప్పుడు వేరే ఊళ్ళనుంచి తెచ్చిన డ్రైవర్లు మారుస్తున్నారు. ఊరివాళ్ళని ఎవరూ పిలవడం లేదు. ఎవరిస్తో కొల్కె పైమైదానానికి మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు. ఆఖరిసారి దిగింది రెండువేల పద్నాలుగు ఏప్రిల్‌లో.